దొరికే పని

నా పని దొరకడం.
పొద్దున ఏడింటికి, కాపులుప్పాడ దాటాక,
కూల్చిన క్వార్టర్ల శిథిలాలు పోసిన దొడ్లో
సిమెంటు తూములోకి పాక్కుంటూ వెళ్లి
మోకాళ్లు గడ్డానికి ఆనించి పడుకుంటాను.
పైన పలక జరిపి, దాని మీద ఇసక బస్తా పెట్టి
దాలినాయుడు అంటాడు:
"తొంగోయే నూకరత్నం, దగ్గకు."

అంతకుముందు రొయ్యలొలిచే షెడ్డులో ఉండేదాన్ని.
ఐసు నీళ్లకి వేళ్లు తెల్లగా ఉబ్బి
ఏ వేలు ఎవరిదో తెలిసేది కాదు.
ఇక్కడికొచ్చిన మొదటి వారం
కుక్క నన్ను పట్టుకుంటే అందరూ నవ్వారు,
"మనిషిని కాదర్రా, రొయ్యని పట్టింది" అని.
కుంకుడు రసంతో మూడుసార్లు తోముకున్నాను.
నాలుగోసారీ పట్టింది.
అప్పుడు నమ్మారు,
రొయ్య కింద నా వాసనొకటి ఉందని.
నేనూ అప్పుడే నమ్మాను.

రిజిస్టర్లో దాని పేరు ఏదో ఇంగ్లీషు రాజుగారిది.
మేం పిలిచేది పిక్క.
చింతపిక్క రంగు, చింతపిక్కంత మొండి.

దాలినాయుడు పౌడరు డబ్బా నొక్కి
గాలెటో చూస్తాడు.
పొద్దున కొండ మీంచి దిగే గాలి
పదింటికి తడబడుతుంది,
ఆ తర్వాత సముద్రం వచ్చి పెత్తనం చేస్తుంది.
నా పెళ్లికైనా రాసుకోని పౌడరు
కుక్క కోసం నెలకి రెండు డబ్బాలు.

తూములో చేసే పనేం ఉండదు.
బయట గోళ్లు కంకర మీద గీరుకునే చప్పుడు
దగ్గరవుతుంది, దూరమవుతుంది,
ఒక్కోసారి నా మీంచే నడిచిపోతుంది.
పిలవకూడదు.
అదే కష్టం ఈ పనిలో,
ఇక్కడున్నానని అనకుండా ఉండటం.
తర్వాత పలకల సందులో తడి ముక్కు.
ముప్పై అరుపులు అరవాలి, అది లెక్క.
నేను లేచి గోల గోల చేస్తూ
పాత మేజోడులో కట్టిన బంతి విసరాలి.
దానికి తెలిసిన జీతం అదే.
మనుషులంటే బంతి ఉన్నవాళ్లని దాని నమ్మకం.

ఒకసారి అడిగాను,
"నాయుడూ, సముద్రంలో ఉన్నోడ్ని పడతాదా ఇది?"
మా పెదజాలారిపేటలో తెప్ప తిరిగొచ్చి
మనిషి రాని ఇళ్లున్నాయి. మాదొకటి.
అతను డబ్బా నొక్కాడు.
పౌడరు తూర్పుకి పోయింది.
ఏమీ అనలేదు.

శ్రావణంలో, నాలుగు రోజుల వాన తర్వాత
కొమ్మాదిలో, ఇంకా కడుతున్న మేడ కూర్చుండిపోయింది.
రెండు రోజులు పిక్క దాని మీద తిరిగింది.
ఐదుచోట్ల ఆగింది.
ఐదుచోట్లా తవ్వారు.
ఏ చోటా ఎవరూ బంతి విసరలేదు.
మూడో పూట అన్నం ముట్టలేదట.
దిబ్బ ఎక్కమంటే నాయుడి ముఖం చూసిందట,
తప్పు తనదేమో అన్నట్టు.

రాత్రి పదకొండింటికి ఫోను.
"ఓపాలి దాక్కోవాల, వొచ్చీవా?"
ఆటోలో వెళ్లాను.
మేడ వెనక, పక్కకి దొర్లిన నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో
ముడుచుకు కూర్చున్నాను.
లైట్ల అవతల తాడు. తాడు అవతల మనుషులు,
పార్వతీపురం నుంచి వచ్చిన కూలీల తాలూకు వాళ్లు.
ఒకాయన చేతిలో క్యారేజీ, మూత తియ్యనిది.

పిక్క వచ్చింది. ముక్కు పెట్టింది.
ఒక్క క్షణం నమ్మలేదు. మళ్లీ పీల్చింది.
అరిచింది. ముప్పై లెక్క మర్చిపోయి అరిచింది.
తాడు అవతల
అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు.

ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.
నాయుడు చేతులూపుతూ వాళ్ల వైపు పరిగెత్తాడు.
నేను గోల చెయ్యాలి. చెయ్యకపోతే కుక్క చెడిపోతుంది.
చేస్తే...
దాని మెడలో ముఖం దూర్చి, చెవిలో,
ఊపిరితోనే అన్నాను:
"శెబాసురా, శెబాసు, దొరికీసేను, నానే."
బంతి విసరలేదు. నోట్లో పెట్టాను.
అది తోక కొట్టిన కొట్టుడికి
ట్యాంకు డప్పులా మోగింది.

పొద్దున రిజిస్టరు తెరిచి
దాలినాయుడు చాలాసేపు కూర్చున్నాడు.
'ప్రాణంతో దొరికినవారు' అన్న గడిలో
ఒకటి అని రాశాడు.
కొట్టేశాడు.
నా కూలి వేరే కాగితం మీద వేశాడు.